మాంగోస్టీన్ గింజ, పాల చెట్టు వేరు



తొలకరి పడే రోజులివి. మామిడి చివరికొచ్చింది, నేరేడు దిగుతోంది. ఈ రోజుల్లో హైదరాబాద్‌లోనో, విశాఖపట్నంలోనో పండ్ల దుకాణం ముందు నిలబడితే, మనకు తెలిసిన పండ్ల పక్కన కొన్ని కొత్త పండ్లు కనిపిస్తాయి. ఒళ్ళంతా ఎర్రటి వెంట్రుకలున్న రాంబుటాన్. ముదురు వంకాయ రంగులో, గుండ్రంగా, నెత్తిన ఆకుపచ్చ తొడిమతో మాంగోస్టీన్. కొన్ని కేరళ తోటల నుంచి వస్తాయి. కొన్ని థాయ్‌లాండ్ నుంచి వస్తాయి. నాలుగు కాయలు కొని ఇంటికి తీసుకెళ్తారు. ఇంటిల్లిపాదీ తలా ఒకటి తింటారు. చివర్లో గింజ మిగులుతుంది. దాన్ని పారేయబోతూ ఎవరో ఒకరు ఆగి అడుగుతారు. "దీన్ని మట్టిలో పెడితే మొలుస్తుందా?"

మొలుస్తుంది. కాని మొలకెత్తిన ప్రతి మొక్కా కాస్తుందని చెప్పలేం. కాసిన ప్రతి చెట్టూ మనం తిన్న పండునే ఇస్తుందనీ చెప్పలేం. అది ఆ చెట్టు స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఇవాళ్టి ప్రసంగం ఆ స్వభావం గురించే.

ముందుగా ఒక మాట. అరుదైన పండు అనగానే దూరదేశపు పండు అనుకుంటాం. మరి జామ ఎక్కడిది? బొప్పాయి ఎక్కడిది? సీతాఫలం, సపోటా, జీడిమామిడి ఎక్కడివి? అన్నీ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. ఇవాళ వాటిని ఎవరూ అరుదు అనరు. సీతాఫలం పాలమూరు గుట్టల మీద తనంతట తానే మొలుస్తుంది. అంటే పండు అరుదుగా ఉండటానికి కారణం దూరం కాదు. ఆ చెట్టుకు మొక్క చేసే పద్ధతి మన చేతికి రాకపోవడమే కారణం. పద్ధతి పది చేతులకు వస్తే ఏ పండయినా మామూలు పండవుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో దీనితోనే పని పడుతుంది.

ఇక గింజ దగ్గర మొదలుపెడదాం.

మన ఇళ్ళలో విత్తనం అంటే ఎండబెట్టి దాచేది. కందులైనా, బీరగింజలైనా, గోంగూర విత్తనమైనా చాటలో పోసి ఎండలో పెడతాం. డబ్బాలో వేసి కాస్త బూడిదో వేపాకో కలుపుతాం. ఏడాది తర్వాత తీసినా మొలుస్తాయి. ఇది తరతరాల అలవాటు, మంచి అలవాటు. కాని పండ్ల గింజల దగ్గర ఇదే అలవాటు కొంప ముంచుతుంది. మాంగోస్టీన్, రాంబుటాన్, పనస, నేరేడు, చివరికి మన మామిడి టెంక కూడా, ఎండితే చచ్చిపోతాయి. లోపలి తేమ పోతే ప్రాణం పోయినట్లే. ఇంగ్లండ్‌కు చెందిన రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త 1973లో విత్తనాలను ఈ లెక్కన రెండు రకాలుగా విడదీసి చూపించాడు. ఎండబెడితే ఎక్కువ కాలం బతికేవి ఒక రకం. ఎండబెడితే చనిపోయేవి రెండో రకం. వానలు కురిసే అడవుల్లో పుట్టిన చెట్ల గింజలు చాలావరకు ఈ రెండో రకమే. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. పండు రాలగానే గింజ మొలకెత్తాలి. ఆగి ఎదురుచూడాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు.

కాబట్టి పండు తిన్న రోజే గింజ పెట్టాలి. వేళ్ళతో రుద్ది గుజ్జంతా కడిగేయాలి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది, చీమలు చేరతాయి. తడి కొబ్బరి పొట్టులో అర అంగుళం లోతున పెట్టి, నీడలో ఉంచాలి. మరోసారి చెప్పుకుందాం. కడగాలి, ఎండబెట్టకూడదు, వెంటనే పెట్టాలి. ఫ్రిజ్‌లో దాచడం కూడా వద్దు. ఈ గింజలకు చలి కూడా పడదు.

మాంగోస్టీన్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. పండును తిరగేసి అడుగు భాగం చూడండి. అక్కడ చిన్న పువ్వు ఆకారంలో గట్టి రేకులుంటాయి. ఐదు రేకులుంటే లోపల ఐదు తొనలు, ఏడుంటే ఏడు. కోసి చూడక్కర్లేదు, లెక్క తప్పదు. తొనల్లో చాలావాటికి గింజ ఉండదు. లావుగా ఉన్న ఒకటి రెండు తొనల్లోనే పెద్ద గింజ దొరుకుతుంది. ఆ గింజ పుట్టుక విచిత్రం. దానికి పరాగ సంపర్కంతో పనిలేదు. తల్లిచెట్టు కణజాలం నుంచే అది తయారవుతుంది. అందుకని గింజ నుంచి వచ్చిన మొక్క అచ్చంగా తల్లినే పోలి ఉంటుంది. అంటు కట్టాల్సిన అవసరం లేకుండానే మంచి పండు వస్తుంది.

అయితే ఈ చెట్టు ఓపికను బాగా పరీక్షిస్తుంది. మొలకెత్తాక రెండేళ్ళకు కూడా అడుగో అడుగున్నరో ఎత్తుంటే అదే గొప్ప. పక్కవేర్లు తక్కువ, తల్లివేరు మాత్రం తిన్నగా కిందికి దిగుతుంది. పొట్టి కుండీలో పెడితే అది అడుగున చుట్టుకుపోతుంది. తర్వాత నేలలో నాటినా కోలుకోదు. అందుకే పొడవాటి సంచిలో పెంచాలి. నేలలోకి మార్చేటప్పుడు మట్టి గడ్డ చెదరకూడదు. మొదటి మూడు నాలుగేళ్ళు నీడ తప్పనిసరి. ఎనిమిది, పదేళ్ళకు గాని కాపు చూడలేం. పదేళ్ళు అనగానే గుండె జారుతుంది. కాని కొబ్బరి మొక్క నాటే రైతు, టేకు నాటే రైతు ఇలాంటి లెక్కలకు భయపడరు. బిడ్డ బడిలో చేరిన ఏడు నాటితే, పదో తరగతికి వచ్చేసరికి పండు తింటుంది.

మరి ఎక్కడ నాటాలి? ఈ విషయంలో నిజం నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఎండ 40 డిగ్రీలు దాటి, వడగాలి కొట్టే చోట మాంగోస్టీన్ ఆకుల అంచులు మాడిపోతాయి. హైదరాబాద్ మిద్దె మీద డ్రమ్ములో మాంగోస్టీన్ పెంచాలనుకుంటే నిరాశే మిగులుతుంది. నీలగిరి కొండల వాలులో కల్లార్, బర్లియార్ అనే చోట్ల ప్రభుత్వ పండ్ల తోటలున్నాయి. వందేళ్ళకు పైబడిన తోటలవి. అక్కడ మాంగోస్టీన్ కాస్తుంది. కేరళలో చాలకుడి నది ఒడ్డున పరియారం అనే ఊళ్ళో ఇళ్ళ పెరళ్ళలోనే పాత మాంగోస్టీన్ చెట్లున్నాయి. రెండు చోట్లా ఉన్నది ఒకటే, గాలిలో తేమ. మన దగ్గర ఆ తేమ కోనసీమలో ఉంది. కొబ్బరి చెట్ల నీడ ఉంది, కాలువ నీరు ఉంది, ఒండ్రు నేల ఉంది. అక్కడి పెరళ్ళలో ప్రయత్నించదగిన చెట్లు మాంగోస్టీన్, రాంబుటాన్.

గోదావరి గడ్డ మీద ఇలాంటి ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు సామర్లకోటలో కుదురుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండేవాడు. వైద్యం ఉద్యోగం, మొక్కలు ప్రాణం. సామర్లకోటలో తోట వేసి, మిరియం, కాఫీ, దాల్చిన, జాజికాయ, సీమపనస లాంటి మొక్కల్ని ఈ నేలలో పెంచి చూశాడు. మన చిత్రకారుల చేత మన మొక్కల బొమ్మలు వేయించాడు. తెలుగు వాళ్ళు ఏ మొక్కను ఏ పేరుతో పిలుస్తారో అడిగి రాసుకున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన పెద్ద గ్రంథం 1795 నుంచి అచ్చవుతూ వచ్చింది. ఈయనతో మనకు ఇంకో పని ఉంది, ఆ సంగతికి తర్వాత వద్దాం.

సీమపనస పేరు వచ్చింది కనుక దాని కథ కూడా వినండి. కూర వండుకునే సీమపనసలో మంచి రకాలకు గింజే ఉండదు. గింజ లేని చెట్టును ఖండాలు దాటించడం ఎలా? బ్రిటిష్ వాళ్ళు మొక్కల్నే ఓడెక్కించారు. తహితీ దీవి నుంచి వెయ్యికి పైగా మొక్కలతో బౌంటీ అనే ఓడ బయలుదేరింది. 1789లో ఆ ఓడ మీద సిబ్బంది తిరగబడి, కెప్టెన్ విలియం బ్లైను చిన్న పడవలోకి దింపేశారు. మొక్కలన్నీ సముద్రం పాలయ్యాయి. బ్లై పట్టు వదల్లేదు. మళ్ళీ వెళ్ళి, 1793లో వెస్టిండీస్ దీవులకు సీమపనసను చేర్చాడు. ఒక చెట్టుకు మొక్క చేసే దారి ఇరుకైతే ఎంత కష్టమో చూడండి.

ఇంటి దగ్గర ఆ కష్టం అక్కర్లేదు. సీమపనస చెట్టు మొదలుకు కొంచెం దూరంలో మట్టి గోకితే, పైపైనే పాకే వేళ్ళు కనిపిస్తాయి. బొటనవేలి లావున్న వేరు చూసుకుని, దాని పైబెరడు మీద చిన్న గాటు పెట్టాలి. మట్టి పల్చగా కప్పి తడిగా ఉంచాలి. గాటు దగ్గర పిలక లేస్తుంది. అది జానెడు ఎదిగాక వేరు ముక్కతో సహా కోసి సంచిలో పెడితే మొక్క తయారైనట్లే. వానాకాలం ఈ పనికి అనువైన సమయం.

ఇప్పుడు రాంబుటాన్ సంగతి. గింజ తాజాగా పెడితే చక్కగా మొలుస్తుంది. ఏపుగా ఎదుగుతుంది. ఐదారేళ్ళు నీళ్ళు పోసి, ఎరువు వేసి పెంచుతారు. ఒక ఏడు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. ఇంట్లో పండగ. పూత అంతా రాలిపోతుంది, ఒక్క పిందె కూడా నిలవదు. మరుసటి ఏడూ అంతే. కారణం ఏమిటంటే అది మగచెట్టు. రాంబుటాన్ గింజల్లో సుమారు సగం మగచెట్లవుతాయి. చిన్న మొక్కను చూసి ఎవరూ చెప్పలేరు, పూసేదాకా తెలియదు. అందుకని రాంబుటాన్‌ను గింజతో నమ్ముకోకూడదు. కాస్తున్న చెట్టు కొమ్మ నుంచి తీసిన మొగ్గను వేరే మొలక మీద అతికించిన అంటుమొక్క కొనుక్కోవాలి. కొడగు జిల్లా చెట్టళ్ళిలోని పరిశోధన కేంద్రం నుంచి అర్క కూర్గ్ అరుణ్, అర్క కూర్గ్ పీతాభ్ అనే రెండు రకాలు వచ్చాయి. ఒకటి ఎరుపు, రెండోది పసుపు.

అంటుమొక్క అని చెప్పి ఉత్త గింజ మొక్కను అంటగట్టేవాళ్ళు ఉంటారు. కొనేముందు మొక్క మొదలు చూడండి. నేలకు జానెడు లోపు ఎక్కడో ఒక చోట అతుకు కనిపించాలి. అతుకు పైన బెరడు ఒక తీరు, కింద మరో తీరు ఉంటుంది. అక్కడ కాస్త ఉబ్బు, చిన్న వంపు ఉంటుంది. మొదలు నుంచి చివరిదాకా నున్నగా ఒకే తీరున ఉంటే అది గింజ మొక్క. కడియం, కడియపులంక నర్సరీల్లో చేయి తిరిగిన పనివాళ్ళున్నారు. అతుకు ఎక్కడుందో చూపించమని అడగండి. తెలిసిన మనిషి సంతోషంగా చూపిస్తాడు.

అంటు ఎంత గొప్ప పనో చెప్పడానికి రెండు చెట్ల కథలు చాలు. కర్ణాటకలో తుమకూరు జిల్లా చేళూరు అనే ఊళ్ళో ఒక రైతు పొలంలో ఒక పనస చెట్టు ఉంది. ఆయన తండ్రి సిద్దప్ప నాటిన చెట్టు. కాయ చిన్నది, రెండున్నర కిలోలు తూగితే ఎక్కువ. తొన మాత్రం రాగి కలిసిన ఎరుపు రంగులో ఉంటుంది. ఆ చెట్టు గింజలు వెయ్యి పెట్టినా అలాంటి తొన మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. పనస గింజ తల్లిని పోలదు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ చెట్టు కొమ్మలతో అంట్లు కట్టారు. సిద్దప్ప పేరు మీదుగా దానికి సిద్దు అని పేరు పెట్టారు. ఆ రైతుతో ఒప్పందం చేసుకుని, మొక్కల మీద వచ్చే ఆదాయంలో ఎక్కువ వాటా ఆయనకే దక్కేలా చూశారు. ఇవాళ సిద్దు పనస తెలుగు పెరళ్ళలో కూడా ఉంది. రెండో చెట్టు అమెరికాలోది. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మన్ పెరట్లో మొలిచిన అవకాడో మొక్క అది. 1935లో ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తల్లిచెట్టు 2002లో ఎండిపోయింది. కాని ప్రపంచమంతా తినే హాస్ అవకాడో ప్రతి ఒక్కటీ ఆ చెట్టు కొమ్మే. చెట్టు పోయింది, కొమ్మ బతికే ఉంది.

సరే, ఇంట్లో మనమే చేసుకోగల పని ఒకటి ఇప్పుడు నేర్చుకుందాం. దాని పేరు గాలి అంటు. వానాకాలంలో చేయాలి. జామ, నిమ్మ, దానిమ్మ, లిచీ, వాటర్ యాపిల్ చెట్లకు బాగా కలిసొస్తుంది. పనసకు, మాంగోస్టీన్‌కు అంతగా కలిసిరాదు.

ఏడాది వయసున్న, పెన్సిల్ లావున్న కొమ్మ ఎంచుకోండి. చివరి నుంచి మూరెడు దూరంలో, కణుపు కింద, పదునైన కత్తితో కొమ్మ చుట్టూ ఒక గాటు పెట్టండి. అంగుళం కిందికి మరో గాటు. రెండు గాట్ల మధ్య బెరడును ఉంగరంలా ఊడదీయండి. లోపల తెల్లటి కర్ర కనిపిస్తుంది. దాని మీద వేలితో రాస్తే జిగురుగా తగులుతుంది. ఆ జిగురు పొరను కత్తి వీపుతో శుభ్రంగా గీకేయాలి. చాలామంది ఇక్కడే తప్పిపోతారు. జిగురు మిగిలితే బెరడు మళ్ళీ కలిసిపోతుంది, వేరు రాదు. నర్సరీలో దొరికే వేరు పొడి ఉంటే గాటు పైఅంచున కొద్దిగా పూయండి. లేకపోయినా ఈ చెట్లకు వేరు వస్తుంది. తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టును గుప్పెడు తీసుకుని గాటు చుట్టూ పెట్టండి. దాని మీద పారదర్శకంగా ఉండే పాలిథిన్ కవరు చుట్టి, పైనా కిందా పురికొసతో బిగించి కట్టండి. లోపలికి నీరు పోకూడదు, లోపలి తడి బయటికి పోకూడదు.

ఇలా చేస్తే వేరెందుకు వస్తుంది? వేళ్ళు పీల్చిన నీరు కర్ర లోపలి నుంచి పైకి వెళ్తుంది. ఆ దారి మనం కోయలేదు కనుక కొమ్మ వాడదు. ఆకులు తయారుచేసిన ఆహారం మాత్రం బెరడు గుండా కిందికి దిగుతుంది. ఆ దారి తెగింది. ఆహారమంతా గాటు పైఅంచున ఆగిపోతుంది. అక్కడ చీకటి ఉంది, తడి ఉంది. వేరు అక్కడి నుంచి తన్నుకొస్తుంది. నెల నుంచి రెండు నెలల్లో కవరు లోపల తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. తొందరపడి కోయవద్దు. ఆ తెల్ల వేళ్ళు గోధుమ రంగుకు తిరిగి, పిల్ల వేళ్ళు వేసేదాకా ఆగండి. అప్పుడు కట్టు కింద కోసి, కవరు విప్పి, కొన్ని ఆకులు తగ్గించి సంచిలో నాటండి. నాలుగు వారాలు నీడ పట్టున ఉంచండి. వేళ్ళు ముదిరాకే కోయాలి, ఇది మాత్రం మరచిపోకండి.

మిద్దె తోట పెంచేవాళ్ళకు ఒక మాట. మీకు మాంగోస్టీన్ వద్దు అన్నాం. మీకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన మిరకిల్ ఫ్రూట్ చిన్న పొద. ఎర్రటి చిన్న పండు. దాన్ని నోట్లో చప్పరించి, ఆ తర్వాత నిమ్మబద్ద కొరికితే తియ్యగా ఉంటుంది. పులుపు తగలగానే నాలుక మీది తీపి గ్రాహకాలను మేల్కొలిపే ప్రోటీన్ ఒకటి అందులో ఉంది. జపాన్‌కు చెందిన కెంజో కురిహారా 1968లో దాన్ని విడదీసి చూపించాడు. బ్రెజిల్ జబొటికాబా మరొకటి. నల్లటి పండ్లు నేరుగా కాండానికే కాస్తాయి. కోసిన మూడు నాలుగు రోజుల్లో పులిసిపోతాయి కనుక బజారుకు రావు. తినాలంటే ఇంట్లో చెట్టు ఉండాల్సిందే. ఈ రెంటికీ పులుపు నేల కావాలి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల సున్నపు ఉప్పులతో ఉంటాయి. ఆ నీరు పోస్తూ పోతే లేతాకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. అది ఎరువు కొరత అనుకుని ఇంకా ఎరువు వేస్తారు. ఎరువు కాదు, వాన నీరు కావాలి. ఈ నాలుగు నెలలు మిద్దె మీద పడే నీటిని ఒక డ్రమ్ములో పట్టుకోండి.

సీతాఫలం, లక్ష్మణఫలం కుటుంబానిది ఇంకో చిక్కు. పూలు నిండా పూస్తాయి, కాయలు నిలవవు, నిలిచినవి వంకరపోతాయి. ఒకే పువ్వు మొదట ఆడదిగా ఉంటుంది, ఆ దశ దాటాక పుప్పొడి రాలుస్తుంది. రెండు పనులూ ఒకేసారి జరగవు. చిన్న చిన్న పెంకు పురుగులు ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు పుప్పొడి మోయాలి. నగరంలో ఆ పురుగులు తక్కువ. అప్పుడు ఆ పని మన చెయ్యి చేయాలి. ఉదయం చల్లటి వేళ, రేకులు బాగా విచ్చుకుని పుప్పొడి రాలుతున్న పువ్వు చూసుకోండి. చిన్న గిన్నెలో దాన్ని దులపండి. పిల్లలు రంగులు వేసే మెత్తటి కుంచెతో ఆ పొడిని తీసుకుని, రేకులు అప్పుడే కొద్దిగా విడిన పువ్వు లోపల మధ్యనున్న దిమ్మ మీద చుట్టూ అద్దండి. చుట్టూ అద్దితేనే కాయ గుండ్రంగా వస్తుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయక తప్పదు. లక్ష్మణఫలం ఆకు కషాయం క్యాన్సర్‌ను తగ్గిస్తుందని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. అది మనుషుల మీద పరీక్షల్లో రుజువు కాలేదు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండు, ఈ ఆకు టీ బాగా వాడేవాళ్ళలో పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బు ఎక్కువగా ఉందని 1999లో వైద్యులు గుర్తించారు. అప్పుడప్పుడు పండు తినడం వేరు, రోజూ కషాయం తాగడం వేరు. వైద్యం మానేసి దీన్ని నమ్ముకోవద్దు. రెండోది స్టార్ ఫ్రూట్. చూడముచ్చటైన చెట్టు, కుండీలోనూ కాస్తుంది. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు అది విషమే. ఆగని వెక్కిళ్ళతో మొదలై, మతి తప్పడం, మూర్ఛ దాకా పోతుంది. అందులో నరాలను దెబ్బతీసే పదార్థాన్ని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2013లో బయటపెట్టారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలో కిడ్నీ జబ్బు ఉందో మనకు తెలుసు. అక్కడి శ్రోతలు ఈ మాట నలుగురికీ చెప్పండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు స్టార్ ఫ్రూట్ పెట్టకూడదు.

విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకో మనవి. ఫ్లోరిడా నుంచో మలేసియా నుంచో వస్తూ సూట్‌కేసులో గింజలో కొమ్మలో పెట్టుకు రమ్మని అడగకండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కలు, విత్తనాలు తేకూడదు. అది ఉత్త కాగితాల గొడవ కాదు. కొబ్బరి ఆకుల అడుగున తెల్లటి చుట్టలు చుట్టే సర్పిలాకార తెల్లదోమను గోదావరి జిల్లాల రైతులు బాగా ఎరుగుదురు. అది అమెరికా ఖండం పురుగు. 2016లో తమిళనాడు పొల్లాచిలో మొదట కనిపించింది. తర్వాత మన తోటల్ని చుట్టేసింది. ఇలాంటి పురుగు గుడ్లు ఒక్క ఆకు అడుగున దాగి రాగలవు.

ఇక రాక్స్‌బర్గ్ దగ్గర ఆపిన సంగతి. ఆయన 1795 నాటి గ్రంథంలో శాస్త్రలోకానికి పరిచయం చేసిన మన చెట్లలో పాల చెట్టు ఒకటి. పాల పండ్లు తిన్నారా? వేపపండంత ఉంటుంది, పసుపు రంగు. కొరికితే పెదాలకు జిగురు అంటుకుంటుంది, తీపి మాత్రం గాఢంగా ఉంటుంది. ఎండాకాలం చివర్లో తెలంగాణ అడవి పల్లెల నుంచి గంపల్లో వచ్చేవి. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట దీవి అడవిలో ఇప్పటికీ పాల చెట్లున్నాయి. పట్నం పిల్లల్లో ఈ పండు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. రాంబుటాన్ పేరు తెలుసు.

కాని పాల చెట్టు చాలామంది ఇళ్ళలో ఉంది, కంటికి కనిపించకుండా ఉంది. మన సపోటా చెట్లు చాలావాటికి వేరు పాలదే. సపోటా కొమ్మను పాల మొక్క మీద అంటు కడతారు. పాల వేరు కరువుకు తట్టుకుంటుంది, ఎలాంటి నేలనైనా పట్టుకుంటుంది. పాత పద్ధతిలో సపోటా చెట్టు చుట్టూ మంచె కట్టి, పాల మొక్కల కుండీలను దాని మీదికి ఎక్కించేవారు. బతికున్న సపోటా కొమ్మకు, పాల మొక్కకు పక్కపక్కన చెక్కు తీసి, రెంటినీ కలిపి కట్టేవారు. అతుక్కున్నాక సపోటా కొమ్మను కింద కోసి, పాల తలను పైన తీసేసేవారు. ఆ తర్వాత అతుకు కింద పాల చిగురు ఎప్పుడు వేసినా గిల్లేయాలి. అంటే మన పెరట్లో పాల చెట్టు ప్రతి ఏడూ బతకాలని చిగురు వేస్తూనే ఉంది, మనం గిల్లేస్తూనే ఉన్నాం. నర్సరీలకు ఆ పాల గింజలు కావాలంటే అడవిలో తల్లిచెట్లు ఉండాలి. ఆ చెట్లు తగ్గిపోతున్నాయి. సారపప్పు ఇచ్చే మొర్రి చెట్టుదీ అదే దారి. కాయ కోసం కొమ్మలకు కొమ్మలే నరికేస్తున్నారు.

మాంగోస్టీన్‌కు పదేళ్ళు ఆగగలిగిన మనిషి పాల చెట్టుకూ ఆగగలడు. పైగా దీనికి కోనసీమ తేమ అక్కర్లేదు, తెలంగాణ ఎండ చాలు, రాయలసీమ నేల చాలు. మొదట్లో చెప్పుకున్నట్లు, మొక్క చేసే పద్ధతి పది చేతులకు రావాలి, అంతే. ఈ వారం సంతలో పాల పండ్లు కనిపిస్తే ఒక దోసెడు కొనండి. తినండి, పిల్లలకు పెట్టండి. గింజ నల్లగా, నున్నగా మెరుస్తుంది. పైపెంకు గట్టిది. గుజ్జు కడిగి, గింజ అంచును గరుకు రాయి మీద కొద్దిగా అరగదీసి, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. మర్నాడు ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన సంచుల్లో ఒక్కో గింజ పెట్టండి. మొలక రావడానికి వారాలు పట్టవచ్చు, సంచి పారేయకండి. సంచి మీద పేరు, తేదీ రాయండి. పెన్సిల్ లావు కావడానికి రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది. అప్పుడు దాని మీద సపోటా అంటు కట్టమని ఎవరైనా సలహా ఇస్తారు. ఒకటి రెండింటికి కట్టించుకోండి. మిగిలినవి అలాగే వదిలేసి, ఆ తర్వాత వచ్చే తొలకరిలో చెరువు గట్టునో, బడి ఆవరణలోనో, గుడి వెనక ఖాళీ జాగాలోనో నాటించండి.